శుక్రవారం కావలి

కొత్త కంప్యూటర్‌కు ఏ యాంటీవైరస్ వేయాలో అడుగుదామని ఆదోనిలో నా కంప్యూటరు బాగుచేసే ఆయనకు ఫోన్ చేశాను. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఒక ఆడపిల్ల ఎత్తింది.

"నాయన లేడక్కా. మూన్నెల్లాయ."

నాకు వెంటనే తలకెక్కలేదు. యాడికి పోయినాడమ్మా అని అడగబోయి, ఆ పిల్ల గొంతులోని అలసట విని నోరు మూసుకున్నాను. పొద్దున్నే బస్టాండుకు బయల్దేరుతూ, చొక్కా చేతుల గుండీలు పెట్టుకుంటూ అట్లాగే కూలబడిపోయాడట. ఆస్పత్రికి తీసుకుపోయే వ్యవధి కూడా లేదట. "ఏమన్నా పనుండెనా అక్కా?" అని అడిగింది. ఏమీ లేదమ్మా అన్నాను. తండ్రి పోయిన పిల్లను పట్టుకుని యాంటీవైరస్ గురించి ఏమని అడుగుతాం?

ఫోన్ పెట్టేశాను. అప్పుడు గుర్తొచ్చాయి, శుక్రవారాలు.

నాది ఎమ్మిగనూరులో ఆన్‌లైన్ సెంటరు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, వేలిముద్ర పెట్టే చిన్న మిషను, బయట జనం కూర్చోవడానికి ఒక బల్ల. అంతే నా సామ్రాజ్యం. పింఛను కావచ్చు, రేషన్ కార్డు కావచ్చు, పొలం కాగితం కావచ్చు, చుట్టుపక్కల పల్లెలవాళ్ళు నా గడప తొక్కుతారు. నా కంప్యూటరు మంచిచెడ్డలు మొదటినుంచీ చూసింది ఆదోని నుంచి బస్సులో వచ్చే ఈయనే. తాను రాని వారాలకు ఒక ఏర్పాటు చేసిపోయాడు. ప్రతి శుక్రవారం పది గంటలకు తెర నడుమ ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో తెలుగులో రెండే ముక్కలు: "స్కాన్ పెట్టినావా? పెట్టి టీ తాగు." కింద 'సరే' అనే బటన్ ఒక్కటే. కాదనే బటన్ పెట్టలేదు మహానుభావుడు.

పది గంటలంటే నాకు బల్ల నిండా జనం ఉండే వేళ. ఆ పెట్టె సరిగ్గా నేను ఎవరి ఆధార్ నంబరో కొడుతుండగా అడ్డం వచ్చేది. "వచ్చినావా తండ్రీ" అని విసుక్కుంటూ సరే నొక్కేదాన్ని. నిజం చెప్పాలంటే చాలాసార్లు స్కాన్ పెట్టకుండానే నొక్కేదాన్ని. అంటే ఈ మూడు నెలలూ శుక్రవారం శుక్రవారం లేని మనిషి వచ్చి నన్ను అడిగి పోయాడు. నేను వారం వారం అబద్ధం చెప్పి పంపించాను.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయనకే నచ్చదు. రిపేరు చేసేవాళ్ళంతా కంప్యూటరు నొసటన తమ పేరూ ఫోన్ నంబరూ ఉన్న స్టిక్కరు అతికిస్తారు. నువ్వూ ఒకటి అతికించన్నా అంటే నవ్వాడు. "కావలోని పేరు గోడ మింద రాస్తే దొంగకు సులువు గాదామ్మా?"

ఆదోని ఎండల్లో కూడా పొడుగు చేతుల చొక్కానే. మణికట్టు దగ్గర గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకుంటాడు గానీ చేతులు మడవడు. జేబులో పెన్ను ఉండదు, దూది ఉంటుంది. చిన్న దూది ఉండ. వచ్చీరాగానే దాన్ని తీసి, కీబోర్డులో ఒక్కొక్క అక్షరం మధ్యా దూర్చి తుడుస్తాడు. ఆ తరువాత కంప్యూటరు వెనక్కి పోయి తీగలు చూస్తాడు. ముందువైపుకు వచ్చేది ఆఖరున. మంచినీళ్ళు తాగుతాడు, పని అయ్యేదాకా టీ మాత్రం ముట్టడు. "పనికి ముందు టీ తాగితే టీ కోసరం వచ్చినట్లుంటాది" అనేవాడు. పని నచ్చితే ఒకే మాట, "బరాబర్." పదేళ్ళలో నా పనికి ఆ మాట నాలుగైదుసార్లు వచ్చి ఉంటుంది. వచ్చిన రోజు నాకు పండగ.

దూది ఎందుకంటే, ఆయన అసలు పత్తి మనిషి. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో పత్తి చూసి రకం చెప్పే పని చేసేవాడు. మిల్లుకు కంప్యూటరు వచ్చినప్పుడు దాని ముందు కూర్చోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే ఈయన్ను కూర్చోబెట్టారట. అట్లా మారాడు గానీ చెయ్యి మారలేదు. పత్తి కుప్ప దగ్గరికి పోతే పైన తెల్లగా కనిపించేది ఆయనకు లెక్కలోది కాదు. మోచేయి దాకా కుప్ప కడుపులోకి దూర్చి, నడుమ నుంచి ఒక గుప్పెడు లాగి చూస్తాడు. తడి ఉన్నా, పుచ్చు ఉన్నా అక్కడే ఉంటుంది. "పైన ఉండేది అమ్మేటోడు సూపిచ్చేది. నడుమ ఉండేది మనం సూసుకునేది" అనేవాడు.

యాంటీవైరస్‌ను ఎంచుకోవడం కూడా అదే పద్ధతి. మనమంతా చదవకుండా "ఒప్పుకుంటున్నాను" అని నొక్కే పొడుగాటి ఇంగ్లీషు ఒప్పందం ఉంటుంది కదా, దాన్ని తెరిచి, పైనుంచి చదవడు. కళ్ళు మూసుకున్నంత పని చేసి సగానికి జరుపుతాడు. అక్కడ ఏ పేరా తగిలితే అది. అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు సంచిలోంచి తీసి, తెర మీద వేలు పెట్టి, ఒక్కొక్క మాటా వెతుకుతూ ఆ ఒక్క పేరా పూర్తిచేస్తాడు. ఒక్కోసారి గంట పట్టేది. నాకు ఒళ్ళు మండేది. బయట జనం "ఆయప్ప పరీక్ష రాస్తాండాడా?" అని నవ్వేవాళ్ళు. ఒకసారి ఒక పేరున్న యాంటీవైరస్‌ను అట్లాగే పట్టుకుని, చదివి, నిఘంటువు మూసేశాడు.

"ఇది వద్దు."

"ఏమైందన్నా? బాగా పని చేస్తుందంటారే."

"కావలి బాగనే కాస్తాది. కానీ నీ ఇంటికి ఎవురెవురు వచ్చి పోయినారో ఊర్లో సెప్తాదంట. ఈడ రాసుకున్యారు సూడు."

తెర మీద "మీ కంప్యూటర్‌లో ముప్పై వైరస్‌లు ఉన్నాయి, వెంటనే ఇక్కడ నొక్కండి" అని ఎర్రగా అరిచే ప్రకటనలంటే ఆయనకు వినోదం. చేతులు కట్టుకుని నాటకం చూసినట్టు చూసేవాడు. "దొంగ దొంగ అని అరిసేటోడే దొంగ. నిజమైన కావలోడు దగ్గుతాడు, అంతే." ఒకసారి నేను అతితెలివికి పోయి, ఉన్న యాంటీవైరస్ పక్కన ఇంకోటి వేశాను, గట్టి కాపలా అవుతుందని. కంప్యూటరు నత్తలా తయారైంది. ఆయన వచ్చి ఒకదాన్ని పీకేస్తూ అన్నాడు, "ఒక సేనికి ఇద్దురు కావలోళ్ళను పెడితే ఇద్దురూ పండుకుంటారు. వాడు సూస్తాడులే అని వీడు, వీడు సూస్తాడులే అని వాడు." ఏ సైటు తెరిచినా "మీకు అప్పుడప్పుడు కబుర్లు పంపవచ్చా?" అని బ్రౌజరు అడుగుతుంది చూడండి, అన్నింటికీ వద్దు అని నాతో నొక్కించేవాడు. దారినపోయేవాడు గడపలో నిలబడి నేను అప్పుడప్పుడు కేకేస్తుంటా అంటే సరే అంటావా అని అడిగేవాడు. అనను. కానీ ఆయన చెప్పేదాకా సరే అంటూనే ఉన్నాను.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. చెప్పకపోతే ఆయన గురించి ఏమీ చెప్పనట్టే.

పంట నష్టం సాయానికి పేర్లు ఎక్కించుకుంటున్నారని ఒక సైటు లింకు నా ఫోనుకు వచ్చింది. మాలాంటి సెంటర్లవాళ్ళ గ్రూపులో ఎవరో పెట్టారు. తెల్లారేసరికి ఆ వార్త పల్లెలకు పాకింది. దేవనకొండ దారిలో ఒక ఊరి నుంచీ, సి.బెళగల్ దిక్కు నుంచీ ఇరవై ఏడు మంది నా బల్ల చుట్టూ చేరారు. అందరూ ఆ రోజు కూలి వదులుకుని వచ్చినవాళ్ళే. లింకు తెరిస్తే యాంటీవైరస్ ఎర్ర పేజీ అడ్డం పెట్టింది, ఈ సైటు మంచిది కాదు అని. ఇంకోసారి నొక్కాను. మళ్ళీ ఎర్ర పేజీ. అప్పుడు ఆయనకు ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. బస్సులో ఉంటాడు, వినపడదు అనుకున్నాను. బయట ఒక ముసలామె, "తల్లీ, ఈ పొద్దు గాకుంటే రేపు గూడా కూలి పోతాది" అంది. నా మనసు కరిగింది. ఒక్క గంట యాంటీవైరస్‌ను ఆపేసి, ఇరవై ఏడు మంది ఆధార్ నంబర్లూ, బ్యాంకు ఖాతాలూ, ఫోన్ నంబర్లూ ఆ సైటులో నా చేత్తో నేనే కొట్టాను. అందరూ నన్ను దీవించి పోయారు.

రెండు రోజులకే తెలిసింది, అది దొంగ సైటని.

ఆయన వచ్చాడు. నేను ఏడుస్తూ చెప్పాను. ఒక్క మాట తిట్టలేదు. దూది తీసి కీబోర్డు మొత్తం తుడిచాడు, చివరి అక్షరం దాకా. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది. తుడవడం అయ్యాక అడిగాడు.

"ఎంతమంది?"

"ఇరవై ఏడు."

"పేర్లుండాయా?"

"ఉన్నాయి. ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయి. అందరికీ ఫోన్ చేసి, ఎవరైనా ఓటీపీ అడిగితే చెప్పొద్దని చెప్తానన్నా."

తల అడ్డంగా ఊపాడు. "ఫోన్లో నువ్వు సెప్తావు. రేపు దొంగోడు గూడా ఫోన్లోనే, నేను సెంటర్ నుంచి మాట్లాడతాండా అని సెప్తాడు. ఏది నీ మాటో, ఏది వాని మాటో వాళ్ళకెట్ల తెలుస్తాది? మొగం సూపిచ్చి సెప్పాల. మిషన్ను నేను కడుగుతా. మనుషుల తాన నువ్వు పోవాల."

ఊళ్ళు తిరిగి నా తప్పు నేనే చాటుకోవాలా! పరువు పోతుందన్నా, రేపు నా గడప ఎవరు తొక్కుతారు అన్నాను. ఆయన దూది జేబులో పెట్టుకుని మిషన్ వైపు తిరిగాడు. మర్నాడు పొద్దున సెంటరు తెరిచే వేళకు ఆదోని బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"నువ్వెందుకన్నా? తప్పు నాది కదా."

"ఆ మిషన్‌కు కావలి పెట్టింది నేను. అంత సులువుగా ఆపేకి వీలుండేట్లు పెట్టినా. కావలోడు గూడా రావాల."

మూడు రోజులు తిరిగాం. పత్తి తీసే కాలం. ఇళ్ళల్లో ఎవరూ లేరు, అంతా చేలల్లోనే. గట్టు మీద నిలబడి నేను గొంతు పెంచి, నా వల్ల తప్పయింది, మీ నంబర్లు దొంగల చేతికి పోయాయి, ఎవరు ఫోన్ చేసినా ఏ అంకెలూ చెప్పొద్దు అని చెప్పడం. ఆయన ఒక అడుగు వెనకాల తల వంచుకుని నిలబడడం. కొందరు తిట్టారు. ఒకాయన, "కూలి పోగొట్టుకుని వచ్చి నీకు మా బతుకులు అప్పజెప్పినామే" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఈయన అలవాటు కొద్దీ పక్కన ఉన్న పత్తి బోరెం సంచిలో చెయ్యి దూర్చి, నడుమ నుంచి గుప్పెడు లాగి, "బరాబర్" అని గొణిగాడు. తిట్టిన మనిషే నవ్వేశాడు.

ఆ రోజు నన్ను కరిగించిన ముసలామె కూడా ఆ చేనులోనే ఉంది. ఒడిలో పత్తి, నడుముకు సంచి. అప్పటికే ఆమెకు ఫోన్ వచ్చిందట.

"ఎవుడో యాదో నంబర్ సెప్పమన్యాడు తల్లీ. నాకు సదువు రాదప్పా, అంకెలు గూడా రావు అంటి. పక్కనోళ్ళను పిలువ్ అన్యాడు. పక్కనోళ్ళు కూలికి పోయినారు, నీకేం పని లేదా, నువ్వు గూడా పో అంటి. పెట్టేసినాడు."

మేమిద్దరం ఒకరి మొగం ఒకరు చూసుకున్నాం. నా యాంటీవైరస్ చేయలేని పని అవ్వ చేసింది. ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టింది. "తప్పయింది అని ఇంత దూరం వచ్చి సెప్పినోళ్ళను నేను సూడ్లే" అంది. ఆమె వేళ్ళు అరిగిపోయి మిషను మీద ముద్ర పడదని తెలుసుకుని ఆయన కొంచెం దూది తడిపి, ముద్ర వేసే ముందు దీంతో బొటనవేలు తుడుచుకో అవ్వా అని నేర్పించాడు. దేవుడి దయవల్లనో, అవ్వలాంటి వాళ్ళ మొండితనం వల్లనో, ఇరవై ఏడు మందిలో ఎవరికీ నష్టం జరగలేదు. అప్పటినుంచి అవ్వ నా సెంటరుకు ఎప్పుడు వచ్చినా, వేలు పెట్టే ముందు ఒకటే ప్రశ్న: "ఆదోని ఆయప్ప సూసినాడా మిషన్ను?" సూసినాడవ్వా అంటేనే వేలు కిందికి దిగేది.

మూడో రోజు తిరుగు బస్సులో ఆయన తన గురించి ఒక్కసారి మాట్లాడాడు. అదే మొదలు, అదే ఆఖరు. మిల్లులో ఉన్నప్పుడు ఒక సాయంత్రం తొందరలో ఒక కుప్పను నడుమ చూడకుండా బాగుంది అని పంపేశాడట. లోపల తడి. బేళ్ళు బూజు పట్టాయి. నింద పత్తి దించిన హమాలీ మీద పడి, అతని పని పోయింది. నిజం ఈయనొక్కడికే తెలుసు.

"ఇంటికి పోయి సెప్పాల్సిండె. ఈ పొద్దు, రేపు అనుకుంటి. యాడో దూరం గూడా గాదు, రెండు వీధులు. ధైర్యం వచ్చి పొయ్యేసరికి ఆయప్ప ల్యాడు." కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "సెప్పాల్సిన మాటకు మనిషి ఉండల్లమ్మా."

బస్సు దిగేటప్పుడు, రేపు మిషన్‌లో స్కాన్ పెట్టు అన్నాడు, మామూలుగా. ఆ మరుసటి వారమే ఆ శుక్రవారం పెట్టె వచ్చింది.

ఆరు నెలల కిందట ఆయనే ఫోన్ చేసి చెప్పాడు, నా పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇంక కంపెనీ నుంచి అప్‌డేట్ల మందు రాదని. "కావలోడు ఉన్యా గోడ పడిపోతాండాది. కొత్త మిషన్ తీస్కో. తీస్కున్యాంక పిలువ్, వస్తా." ఈ నెల, వచ్చే నెల అని నేనే జరిపాను. ఎమ్మిగనూరుకూ ఆదోనికీ మధ్య ఎంత దూరమని? ఆయన ఎన్నిసార్లు వచ్చాడో లెక్క లేదు, నేను ఒక్కసారి కూడా ఆయన ఇంటికి పోలేదు. నువ్వు లేకపోతే ఈ సెంటరు ఆ రోజే మూతపడేదన్నా అని ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఎప్పుడూ ఉంటాడు కదా అనుకున్నాను.

కొత్త కంప్యూటరు పెట్టె విప్పితే, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటే లోపల దాని సొంత కాపలా ఉంది. దుకాణం వాడు నెల రోజుల ఉచితమని ఇంకో యాంటీవైరస్ కూడా వేసి పంపించాడు. ఇద్దరు కావలోళ్ళు. ఆయన ఉంటే ఏది ఉంచేవాడు? ఎవరిని అడగాలి? దుకాణం వాణ్ణి అడిగితే రెండూ ఉండనీ మేడమ్ అన్నాడు. ఆ మాట విన్నాక వాణ్ణి ఇంకేమీ అడగలేదు.

నాలుగు రోజులు కూర్చున్నాను. ఉచితంగా వచ్చినదాని ఒప్పందం తెరిచి, సగానికి జరిపి, కళ్ళు పెట్టినచోట ఉన్న పేరాను ఫోనులో నిఘంటువు పెట్టుకుని చదివాను. గంటన్నర పట్టింది. మనం చూసే సైట్ల వివరాలు తన భాగస్వాములకు ఇస్తుందట. తీసేశాను. లోపలి కాపలా ఒప్పందంలోనూ నడుమ గుప్పెడు లాగి చూశాను. నాకు అర్థమైనంతలో తడి తగల్లేదు. దాన్నే ఉంచి, బ్రౌజరులో ప్రకటనలను ఆపేది ఒక్కటే చేర్చి, కబుర్లు పంపుతామనే వాళ్ళందరికీ వద్దు అని నొక్కాను. కాపలా ఆపాలంటే పొడుగాటి పాస్‌వర్డు కొట్టేట్టు పెట్టి, ఆ పాస్‌వర్డు కాగితాన్ని ఇంట్లో బీరువాలో పెట్టి వచ్చాను. మళ్ళీ నా మనసు కరిగితే, ఇంటిదాకా నడిచేలోపు బుద్ధి వస్తుంది కదా. అంతా అయ్యాక చేతులు కట్టుకుని చూశాను. బరాబర్ అనేవాళ్ళు లేరు. ఆ ఒక్క మాట కోసం ఎంత ఎదురుచూశానో ఆ క్షణాన తెలిసింది.

పాత కంప్యూటరును నెట్ పీకేసి పక్కన పెట్టుకున్నాను, పాత కాగితాల కోసం. శుక్రవారం పది గంటలకు దాని తెర మీద పెట్టె తెరుచుకుంది. స్కాన్ పెట్టినావా? ఈసారి నొక్కలేకపోయాను. మౌసుతో ఆ పెట్టెను ఒక మూలకు జరిపి, మిగిలిన జాగాలో పని చేసుకున్నాను. సాయంత్రం కంప్యూటరును ఆపలేదు కూడా. ఆపితే పెట్టె పోతుంది.

సోమవారం అవ్వ వచ్చింది, పింఛను పని మీద. బల్ల మీద కూర్చుని కొత్త కంప్యూటరును ఎగాదిగా చూసింది. సంచిలోంచి దూది తీసి, నా దగ్గర నీళ్ళడిగి తడుపుకుని బొటనవేలు తుడుచుకుంది. వేలు మిషను దాకా వచ్చి ఆగింది.

"కొత్తది మాదిరి ఉండాదే. ఆదోని ఆయప్ప సూసినాడా?"

సూసినాడవ్వా అనేస్తే పని అయిపోతుంది. పాపం, ముసలామెకు ఎందుకు బాధ అనిపించింది కూడా. మాట నోటిదాకా వచ్చింది. ఇదే దయతో కదా నేను ఆ రోజు కాపలా ఆపింది.

"ఆయన లేడవ్వా. పోయినాడు. మూన్నెల్లాయ. దీన్ని ఆయన సూడలే. నేనే సూసినా."

అవ్వ వేలు వెనక్కి తీసుకుంది. కొంగుతో మొగం తుడుచుకుంది. బయట జనం కసురుకుంటున్నారు, నేను కదల్లేదు. ఈమె వేలు పెట్టకుండా పోతే ఇంక ఎవరు పెట్టినా నాకు లెక్క లేదనిపించింది.

"తప్పయితే యాం జేస్తావు?" అని అడిగింది చివరికి.

"నీ తానకే వచ్చి సెప్తానవ్వా."

"పోయినసారి ఇద్దురొచ్చినారు." నా మొగంలోకి చూసింది. "ఈసారి ఒక్కదానివే రావాల్నే తల్లీ."

"వస్తానవ్వా."

అవ్వ వేలు పెట్టింది. మొదటిసారి పడలేదు, ఎప్పుడూ పడదు. మళ్ళీ తుడుచుకుని పెట్టింది. పడింది.

ఆమె పోయాక కొత్త కంప్యూటరులో స్కాన్ పెట్టాను. పక్కన పాతదాని తెర మూలలో ఆ పెట్టె ఇంకా అట్లాగే ఉంది. పెట్టినానన్నా అని పైకే చెప్పి, సరే నొక్కి, టీకి పోయాను.